తిరగేసిన కుట్టు



వార్షికోత్సవ సంచికలో పట్టుదల గురించి, లక్ష్యాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు నాకంటే బాగా రాస్తారు. అందుకని నేను దిండు గలీబు గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. హాస్టల్లో దిండు ఎంత సొంతమైన వస్తువో మీకు చెప్పనక్కర్లేదు. మన పెట్టె మీద పక్కమ్మాయి కూర్చుంటుంది. చలికాలంలో ఒక దుప్పటి ఇద్దరం కప్పుకుంటాం. సబ్బు ముక్క ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. దిండు ఒక్కటే ఎవరిది వాళ్ళది. లైట్లు తీసేశాక ఇంటి మీద బెంగ వస్తే ముఖం దాచుకునేది అందులోనే.

మాది వజ్రకరూరు మండలంలో ఒక చిన్న పల్లె. మన ఊరి పేరు చెప్పగానే బయటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, “మీకెప్పుడైనా వజ్రం దొరికిందా?” అని. తొలకరి పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, తలలు వంచుకుని చేలల్లో వెతుకుతూ తిరగడం మీరంతా చూసిందే. ఇక్కడి భూమిలో కింబర్లైటు అనే రాయి ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ అనే ఊరి పేరు మీద దానికా పేరు వచ్చింది. మన ఇళ్ళల్లో మాత్రం ఆ వానకు ఎదురుచూసేది వజ్రం కోసం కాదు, శెనక్కాయ విత్తనం వేసేకి. మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే తక్కువ వాన. అదీ పడాల్సిన రోజున పడదు.

2002లో నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు జూలైలో దేశమంతటా వానలు మొండికేశాయి. మా చేలో కాయ సంగతి అటుంచి, పశువులకు కట్టె కూడా సరిగా రాలేదు. దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి అమ్మా నాయనా తమ్ముణ్ణి తీసుకుని బెంగుళూరుకు కట్టడం పనులకు పోవాలని నిశ్చయించుకున్నారు. నన్ను ఏం చేయాలన్నదే తేలలేదు. నేనూ పోతే ఒక కూలి ఎక్కువ వస్తుంది, తమ్ముణ్ణి చూసుకునే మనిషీ ఉంటుంది. మా అవ్వ, నాయన రెండు రోజులు ఇదే మాట్లాడుకున్నారు. వాళ్ళు నాకు చెడు కోరి మాట్లాడలేదు. వాళ్ళ లెక్క వాళ్ళది. ఆ లెక్క తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అమ్మ ఆ మాటల్లో కలగజేసుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం పెట్టెలోంచి తన పాత నూలు చీర ఒకటి తీసింది. గడప దగ్గర వెలుతురులో కూర్చుని దాన్ని చించడం మొదలుపెట్టింది.

“ఏం చేస్తాండావమా?” అన్నాను.

“నీకు దిండు గలీబు. హాస్టల్లో పెట్టుకునేకి.”

అంతే. మా ఇంట్లో చర్చ అక్కడితో ముగిసింది. నాయన అరుగు మీద నుంచి ఒకసారి ఆమె వైపు చూసి, బీడీ ముట్టించుకుని బయటికి పోయినాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ నా చదువు గురించి వాదించగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు చేసిన పనే ఆమె వాదన.

పాత చీరలో అన్ని చోట్లా బట్ట ఒకేలా ఉండదు. కాళ్ళ దగ్గర అంచు నేలకు రాసుకుని నలుగుతుంది. కూర్చునే చోట పలచబడుతుంది. అమ్మ చీరను ఎండకు అడ్డంగా పట్టుకుని, ఎక్కడ వెలుతురు ఎక్కువ కనపడితే ఆ భాగం పక్కన పెట్టింది. గట్టిగా ఉన్నచోట జానతో కొలిచి, పంటితో గాటు పెట్టి, ఒక్క లాగున చించింది. కత్తెర కంటే అట్లా చించితేనే పోగు వెంట నేరుగా వస్తుందని చెప్పింది. తర్వాత బట్టను మడిచి రెండు పక్కలా కుట్టింది. నేను చూస్తూ ఉన్నాను. మంచి వైపు, అంటే రంగు బాగా కనపడే వైపు బయటికి పెట్టి కుడుతోంది. అందరూ లోపలి వైపు పైకి పెట్టి కదా కుట్టేది! కుట్టు అయిపోయాక బయటికి పొడుచుకొచ్చిన పోగులన్నీ సన్నగా కత్తిరించింది. సంచిని తిరగేసింది. అంచును వేళ్ళతో నొక్కి, గోటితో గీసి, అదే అంచు మీద మళ్ళీ ఇంకో కుట్టు వేసింది. మళ్ళీ తిరగేసి నా చేతికిచ్చింది.

“పైన సింగారం ఎవురన్నా సేస్తారు. లోపల సెయ్యి పెట్టి సూడు పాపా” అంది.

లోపల చెయ్యి పెట్టి చూస్తే ఒక్క పోగు తగల్లేదు. బయట ఎంత నున్నగా ఉందో లోపలా అంతే. చించిన అంచు మొత్తం రెండు కుట్ల మధ్య దాక్కుంది.

ఇది ఎందుకు ఇంత గట్టిగా ఉంటుందో కొంచెం చెబుతాను. మగ్గం మీద బట్ట నేసేటప్పుడు నిలువుగా సాగేది పడుగు, అడ్డంగా పోయేది పేక. పేక దారం అంచు దాకా పోయి వెనక్కి తిరుగుతుంది కాబట్టి నేసిన అంచు ఊడదు. మనం మధ్యలో కత్తిరించగానే ఆ మలుపు పోతుంది. పట్టుకునేది లేక పోగులు ఒక్కొక్కటే జారిపోతాయి. ఉతికిన ప్రతిసారీ ఇంకొన్ని. మనం బట్టలు బండకేసి బాదే రకం కదా. చివరికి పోగులు కుట్టు దాకా ఊడి, కుట్టు పట్టుకోవడానికి బట్టే మిగలదు. షాపుల్లో అయితే ఓవర్‌లాక్ మిషన్‌తో ఆ అంచును దారాలతో అల్లేస్తారు. ఓవర్‌లాక్ లేని ఇంట్లో ఉన్న ఉపాయం అమ్మ చేసిందే. ఊడే అంచును మూసేస్తే అది ఊడదు. దీనికి పట్టేది మరో అరంగుళం బట్ట, మరో అరగంట సమయం. ఇంకేమీ అక్కర్లేదు.

మా అమ్మ దీన్ని ‘తిరగేసిన కుట్టు’ అనేది. అది ఆమె పెట్టుకున్న పేరో, వాళ్ళమ్మ దగ్గర విన్నదో నాకు తెలీదు. తర్వాత నేను తెలుసుకున్నదేమంటే ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘ఫ్రెంచ్ సీమ్’ అంటారు, ఫ్రెంచివాళ్ళు ‘ఇంగ్లీషు కుట్టు’ అంటారు. ఇద్దరూ ఎదుటివాళ్ళదే అనుకుంటున్నారు. మా పల్లెలో బడి ముఖం చూడని మనిషికి అదే కుట్టు వచ్చు. పాత చీరలతో మన ఆడవాళ్ళు బొంతలు కుట్టినట్టే బెంగాల్ ఆడవాళ్ళు పాత చీరలు పొరలుగా వేసి కాంథాలు కుడతారు. అమెరికాలో 1930లలో కరువు, ఆర్థిక మాంద్యం కలిసి వచ్చినప్పుడు అక్కడి రైతుల ఇళ్ళల్లో పిండి సంచులు, దాణా సంచులు విప్పి పిల్లలకు గౌన్లు, దిండ్లకు గలీబులు కుట్టుకున్నారు. చేతిలో బట్ట తక్కువైనప్పుడు ఎక్కడి ఆడవాళ్ళైనా చేసేది ఒకటే. ఉన్న బట్టను ఎక్కువ కాలం బతికిస్తారు.

ఆ గలీబుతో నేను హాస్టల్‌కు వచ్చాను. లోపల దిండు అంటే ఇంకేం లేదు, పాత బట్ట ముక్కలు. అమ్మా వాళ్ళు బెంగుళూరు బస్సెక్కారు. నేను పదో తరగతికి వచ్చాను.

2004 మార్చిలో పరీక్షలు రాశాక ఊరికే కూర్చోవడానికి లేదు. మా చిన్నమ్మ వాళ్ళు బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేసేవాళ్ళు. గుంతకల్లులో రైలెక్కితే బళ్ళారి ఎంతో దూరం కాదు. నన్ను అక్కడ దారాలు కత్తిరించే పనికి పెట్టారు. కుట్టిన ప్యాంట్లు గుట్టగా పడేస్తారు, వేలాడే దారాలన్నీ కత్తిరించి మడత పెట్టాలి. ముక్కకు ఇంత అని లెక్క. మొదటి రోజు ఒక ప్యాంటు తిరగేసి కాలి కుట్టు చూసి ఆశ్చర్యపోయాను. లోపల ఒక్క పోగు బయటికి లేదు. రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కొక్కెంలాగ మడుచుకుని, వాటి మీద పక్కపక్కనే రెండు వరసల కుట్టు. మా అమ్మ కుట్టుకు అన్నదమ్ముల వరస! అమ్మ రెండుసార్లు కుట్టేదాన్ని అక్కడ రెండు సూదుల మిషను ఒకేసారి కుడుతోంది. గని పనివాళ్ళ ప్యాంట్లు జేబుల దగ్గర చిరిగిపోతుంటే 1873లో అమెరికాలో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే ఇద్దరు రాగి రివెట్లు కొట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నారని తర్వాత చదివాను. జీన్స్ పుట్టిందే కష్టం చేసేవాళ్ళ ఒంటి మీద నిలవడానికి. అందుకే దానికి ఆ కుట్టు.

రెండు నెలలు పని చేశాను. చేతి వాటం బాగుందని అక్కడి యజమాని చిన్నమ్మతో చెప్పాడట. “ఈ పాపను ఉండనీయండి, ఏడాదిలో మిషను మీద కూర్చోబెడతా” అని. నెల నెలా చేతికి డబ్బులు. ఇంట్లో విత్తనాల అప్పు ఇంకా తీరలేదు. ఇంటర్ అంటే పుస్తకాలు, బస్సు, మళ్ళీ రెండేళ్ళు. చిన్నమ్మకు ఉండిపోతేనే మేలనిపించింది. నాకూ ఏది సరైనదో తోచలేదు. ఇంతలో ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. యజమాని ఆమెకు కూడా అదే మాట చెప్పాడు. అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. పక్కనున్న గుట్టలోంచి ఒక ప్యాంటు తీసి, తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చి చూసింది. బాగుందన్నట్టు తలాడించింది. అప్పుడు చెప్పింది.

“అన్నా, ఈ కుట్టు మా ఇంట్లోనే ఉంది. పాపకు నేనే నేర్పిస్తా. సదువు మా ఇంట్లో లేదు. అది బయట నుంచి తెచ్చుకోవాల.”

ఆయన నవ్వి, నాకు రావాల్సిన డబ్బులు లెక్క కట్టి ఇచ్చాడు. ఆ డబ్బులు నా ఇంటర్ పుస్తకాలకు సరిపోయాయి.

చెల్లెళ్ళూ, ఈ మాట రాస్తున్నది కుట్టుపని తక్కువదని చెప్పడానికి కాదు. మా అమ్మ తన పనిని తక్కువ చేసుకుని ఆ మాట అనలేదు. తన దగ్గర ఏముందో ఏం లేదో తెలిసిన మనిషిగా అంది. కానీ బయట లోకం లెక్క వేరే. ఇంటర్ తర్వాత నర్సింగ్‌లో చేరేటప్పుడు దరఖాస్తులో ‘తల్లి వృత్తి’ అని ఒక గీత ఉంది. ఆదాయ ధ్రువపత్రంలో ‘కూలి’ అని ఉంది కాబట్టి దరఖాస్తులోనూ ‘కూలి’ అనే రాయాలి. రాశాం. అది అబద్ధం కాదు. అయితే మా వీధిలో సగం ఇళ్ళ బొంతలు, పసిపిల్లల చొక్కాలు, దిండ్ల గలీబులు అమ్మ చేతివే. బళ్ళారిలో రెండో కుట్టుకు వేరే మిషను ఉంది, దానికి రేటు ఉంది. అమ్మ వేసిన రెండో కుట్టుకు రేటు లేదు. దరఖాస్తులో దానికి గీత కూడా లేదు. మీరు రేపు ఎన్నో దరఖాస్తులు నింపుతారు. కాగితంలో పట్టకపోయినా, మీ అమ్మకు, మీ అవ్వకు ఏమేం పనులు వచ్చో ఒకసారి కూర్చుని రాసి పెట్టుకోండి. అడిగి నేర్చుకోండి. వాళ్ళతోపాటే అవి పోకూడదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. హాస్టల్ దిండు 15 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు అనుకుందాం. ఒకే ముక్క బట్ట చాలు. వెడల్పు 17 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు. వెడల్పులో అదనంగా ఉన్న 2 అంగుళాల్లో అంగుళంపావు రెండు పక్కల కుట్లకు పోతుంది, ముప్పావు అంగుళం వదులు కోసం. పొడవులో ముందు వైపుకు 22, వెనక వైపుకు 22, దిండు జారిపోకుండా లోపలికి మడిచే మూతకు 6, రెండు చివర్ల మడతలకు ఒక్కో అంగుళం. బట్ట కొత్తదైతే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే కుట్టాక కుంచించుకుంటుంది.

మొదట రెండు పొట్టి చివర్లూ పావు అంగుళం ఒకసారి, ముప్పావు అంగుళం ఇంకోసారి మడిచి కుట్టేయండి. తర్వాత బట్టను మంచి వైపు కిందికి పెట్టి పరవండి. ఒక చివరను 6 అంగుళాలు లోపలికి మడవండి. ఇది మూత. రెండో చివరను తెచ్చి ఆ మడత అంచుతో సమానంగా దాని మీద పరవండి. ఇప్పుడు మంచి వైపు బయటికి ఉంటుంది. అలాగే ఉండాలి. రెండు పక్కలా అంచు నుంచి పావు అంగుళం లోపల కుట్టండి. చిటికెనవేలి గోటిలో సగం అంటే సుమారుగా అంతే. కుట్టు తెగకుండా జాగ్రత్తగా, అంచును అందులో సగం దాకా కత్తిరించండి. ఒక్క పోగు కూడా వేలాడకూడదు. వేలాడితే రెండో కుట్టులోంచి మీసంలాగ బయటికి వస్తుంది.

ఇప్పుడు సంచిని పూర్తిగా తిరగేయండి. మూలలు వేలితో పొడిచి తీయండి. అంచును చదును చేయండి. ఇస్త్రీ పెట్టె లేకపోతే మనకు చెంబు ఉంది కదా, యూనిఫాం మడతలకు చేసినట్టే వేడినీళ్ళు పోసి అడుగుతో రుద్దండి. ఈ చదును చేయడం మానకండి, కుట్టు అందం అంతా ఇక్కడే ఉంది. తర్వాత అంచు నుంచి పావు అంగుళం కంటే కొంచెం ఎక్కువగా, అంటే అంగుళంలో ఎనిమిది భాగాల్లో మూడు భాగాలు లోపలికి రెండో కుట్టు వేయండి. మొదటి కుట్టు, కత్తిరించిన అంచు రెండూ ఇందులో మూసుకుపోతాయి. మిషను మీద అయితే అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడేట్టు పెట్టుకోండి. చేత్తో అయితే మొదటిది మామూలు పరుగు కుట్టు చాలు. రెండోది మాత్రం సూది ఒక అడుగు ముందుకు పోయి, అర అడుగు వెనక్కి వచ్చేట్టు వేయండి. మూతి దగ్గర మొదలూ చివరా మూడుసార్లు వేసి ముడి వేయండి. దిండు దూర్చేటప్పుడు లాగుడంతా అక్కడే. మళ్ళీ మంచి వైపుకు తిరగేస్తే పని పూర్తి. అడుగున మడతే కాబట్టి అక్కడ కుట్టే లేదు.

నర్సుగా ఇంకో మాట కూడా చెప్పాలి. గలీబు అందం కోసమే కాదు. హాస్టల్లో ఒకరికి గజ్జి వస్తే పదిమందికి పాకుతుంది, పేలు కూడా అంతే. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలితే సాధారణంగా మూడు రోజులకు మించి బతకదు. పేను తలను వదిలితే రెండు రోజులు బతకడమే కష్టం. కాబట్టి ఎవరి దిండు వాళ్ళదిగా ఉంచుకోండి. గలీబును వారానికి ఒకసారైనా ఉతికి, తిరగేసి ఎండలో వేయండి. గజ్జి వచ్చినప్పుడు గలీబును, దుప్పటిని వేడినీళ్ళలో ఉతకండి. ఉతకలేని దిండును ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతి కట్టి వారం రోజులు పక్కన పెట్టండి. మందు రాసుకునేటప్పుడు గదిలో అందరూ ఒకేసారి రాసుకోవాలి. సిగ్గుపడి దాచుకోవద్దు, అది ఎవరికైనా వస్తుంది. మన వైపు ఉతకడానికి నీళ్ళు కరువైనా, ఎండకు కరువు లేదు.

అమ్మ కుట్టిన ఆ గలీబు నేను ఇంటర్ పూర్తి చేసేదాకా వాడాను. చివరికి తల ఆనే చోట బట్ట పలచబడి చిరిగింది. కుట్లు మాత్రం రెండు పక్కలా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు అమ్మకు చూపు ఆనడం లేదు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు నాలుగైదు సూదుల్లో దారం ఎక్కించి గోడకున్న క్యాలెండరుకు గుచ్చి వస్తాను. నేను మళ్ళీ పోయేసరికి ఆ సూదులన్నీ ఖాళీ అయిపోయి ఉంటాయి.

చివరిగా నా తోటి పూర్వ విద్యార్థినులకు ఒక విన్నపం. ఐజాక్ సింగర్ తన కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నది 1851లో. యంత్రాల మోజును అంతగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషనును మాత్రం మినహాయింపుగా చెప్పారు. మనిషిని కూర్చోబెట్టేసే యంత్రం కాదు అది, మనిషి చేతికి బలమిచ్చేది. మనందరం తలా కొంత వేసుకుని మన హాస్టల్‌కు కాలితో తొక్కే కుట్టుమిషను ఒకటి కొనిద్దాం. మొదటి చందా నాది. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం ఒక గంట ఇస్తే, వచ్చిన చెల్లెళ్ళందరికీ ఈ కుట్టు నేనే నేర్పిస్తాను. నేర్చుకున్నవాళ్ళు ఇంటికి పోయినప్పుడు అన్నలకూ తమ్ముళ్ళకూ నేర్పించాలి. సూది ఆడవాళ్ళ సొత్తేమీ కాదు. ఊళ్ళల్లో మిషను మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళే కదా.

వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత నూలు చీర ఒకటి, అమ్మను అడిగి తెచ్చుకోండి. వెడల్పు 17 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు. ఎండకు పట్టి చూసి గట్టిగా ఉన్న చోటే తీసుకోండి.

— ఒక పూర్వ విద్యార్థిని, స్టాఫ్ నర్సు